ట్రాక్టరుకూ నాగలికీ నడుమ

మూరెడు జాగాలో పొంచి ఉన్న ప్రమాదం. దానిని తొలగించిన మూడు కొక్కేల చట్రం

తొలకరి పడి రెండు రోజులైంది. నేల పదునుకు వచ్చింది. ఉదయం ఒక రైతు చేలో గొర్రు తోలిన ట్రాక్టరు, మధ్యాహ్నానికి మరొక రైతు మడిలో రోటవేటరు వేయాలి. కిరాయికి నడిచే బండికి ఇటువంటి రోజుల్లో క్షణం తీరిక ఉండదు. గట్టు ప్రక్కన గొర్రును దింపి, డ్రైవరు మెడ వెనుకకు త్రిప్పి, క్లచ్చి మీద కాలుంచి, ట్రాక్టరును అంగుళం అంగుళంగా రోటవేటరు వైపు నడిపిస్తున్నాడు. సహాయకుడైన పదహారేళ్ళ కుర్రవాడు ఆ రెంటి నడుమ నిలబడి ఉన్నాడు. ఒక చేత ట్రాక్టరు వెనుకనున్న ఇనుప దండాన్ని పైకెత్తి పట్టి, రెండవ చేత సుత్తి పుచ్చుకొని, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు!" అని కేకలు వేస్తున్నాడు. రంధ్రం పిన్నుకు ఎదురు రాదు. గునపం పెట్టి రోటవేటరును ప్రక్కకు నెడతాడు. మళ్ళీ కేక వేస్తాడు. ఇంజను చప్పుడులో "ఆపు" అన్న మాట డ్రైవరు చెవిని పడకపోతే ఏమవుతుందని వారిద్దరిలో ఎవరూ ఆలోచించరు.

ఆ మూరెడు జాగాకు ఒకవైపు రెండు టన్నుల ట్రాక్టరు, మరొకవైపు నాలుగు క్వింటాళ్ళ ఇనుము. క్లచ్చి మీది కాలు రవంత జారినా, హైడ్రాలిక్ లీవరుకు మోచేయి తగిలినా నడుమనున్న మనిషికి తప్పుకొనే దారి లేదు. అదృష్టం బాగుంటే వేలు నలుగుతుంది. బాగుండకపోతే ప్రాణమే పోవచ్చు.

మనిషిని ఆ జాగాలోనుంచి బయటకు రప్పించే సాధనం ఒకటి ఉన్నది. దాని పేరు క్విక్ హిచ్. చూపులకు అది మూడు కొక్కేలు గల ఇనుప చట్రం మాత్రమే. కాని దాని విలువ తెలియాలంటే, ట్రాక్టరుకు నాగలిని తగిలించడమన్న చిక్కు ఎట్లా పుట్టిందో, దానిని విప్పడానికి ఎంత శ్రమ పట్టిందో ముందుగా తెలుసుకోవాలి.

ఎద్దు ఆగుతుంది, యంత్రం ఆగదు

ఎద్దులతో దున్నే రైతుకు ఈ చిక్కు లేదు. ఎద్దుల మెడల మీద కాడి, కాడికి ఏడికోల, ఏడికోలకు నాగలి. కర్రుకు రాయి అడ్డుపడితే కాడి బరువెక్కుతుంది. ఎద్దులు తమంతట తామే నిలిచిపోతాయి. రైతు మేడి పైకెత్తి, రాయిని దాటించి, మళ్ళీ అదిలిస్తాడు. సాలు సాగిపోతుంది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో పాశ్చాత్య దేశాల రైతులు ట్రాక్టరుకు కూడా ఇదే పద్ధతిలో నాగలిని కట్టారు. ట్రాక్టరు వెనుక ఒక కొక్కెం, కొక్కేనికి ఒక గొలుసు లేదా కడ్డీ, దాని చివర నాగలి. గుర్రాల స్థానంలో ఇంజను వచ్చింది, అంతే. అయితే కర్రు నేలలో దాగిన బండకు చిక్కుకున్నప్పుడు గుర్రం వలె ఇంజను ఆగదు. వెనుక చక్రాలు ముందుకు దొర్లలేవు. వాటిని దొర్లించలేని శక్తి ట్రాక్టరునే ఇరుసు చుట్టూ త్రిప్పడం మొదలుపెడుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. అక్కడినుంచి ట్రాక్టరు వెల్లకిలా తిరగబడి డ్రైవరు మీద పడడానికి రెండు సెకన్లయినా పట్టదు. క్లచ్చి నొక్కాలన్న ఆలోచన వచ్చేలోగానే అంతా ముగిసిపోతుంది. 1917లో ఉత్పత్తి ఆరంభమై, చౌక ధర వల్ల లక్షల సంఖ్యలో అమ్ముడైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుకు ఈ విషయంలో అపకీర్తి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఐర్లండులో ఒక రైతుబిడ్డ ఈ సమస్య మీద దృష్టి నిలిపాడు. అతని పేరు హ్యారీ ఫెర్గూసన్. 1884లో డౌన్ కౌంటీలోని గ్రోవెల్ అనే పల్లెలో పుట్టాడు. వ్యవసాయపు చాకిరీ పడక, బెల్‌ఫాస్టులో అన్న నడుపుతున్న మరమ్మతుల దుకాణంలో చేరాడు. సొంతంగా విమానం తయారుచేసుకొని 1909 డిసెంబరు 31న ఎగిరి, ఐర్లండులో ఆ ఘనత సాధించిన మొదటివాడనిపించుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆహారపు కొరత ఏర్పడింది. 1917లో ఐర్లండులోని ట్రాక్టర్ల పనితీరును మెరుగుపరిచే బాధ్యతను అధికారులు అతనికి అప్పగించారు. విలియం శాండ్స్ అనే నేర్పరి పనివాడిని వెంటబెట్టుకొని అతడు ఊరూరా తిరిగాడు. పొలం నుంచి పారిపోయి వచ్చిన వాడిని పొలమే మళ్ళీ పిలిచింది.

ఫెర్గూసన్ గ్రహించిన సత్యం చిన్నది. ట్రాక్టరు బరువు పెంచినందువల్ల ప్రమాదం పోదు; బరువు పెరిగితే నేల అణగారిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. లోపం ట్రాక్టరులో లేదు, నాగలిలో లేదు. ఆ రెంటినీ కలిపే చోట ఉన్నది. ముందొకటి, వెనుకొకటిగా కాక, రెండూ కలిసి ఒకే యంత్రం కావాలి.

మూడు చేతుల పట్టు

ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల ఫలితంగా రూపొందిన ఆ ఏర్పాటుకు 1926లో పేటెంటు లభించింది. నేడు మన దేశంలో ఏ ట్రాక్టరు వెనుక నిలబడి చూసినా కనిపించేది అదే. క్రింద రెండు దండాలు, వాటి నడుమ కొంత ఎత్తున మూడవది. డ్రైవర్లు క్రిందివాటిని లోయర్ లింకులనీ, పైదానిని టాప్ లింకనీ అంటారు. ఈ మూడూ పనిముట్టును మూడు చోట్ల పట్టుకుంటాయి కనుక దీనికి త్రీ పాయింట్ లింకేజి అని పేరు.

పని జరిగేటప్పుడు క్రింది రెండు దండాలు నాగలిని ముందుకు లాగుతాయి. కర్రును మట్టి వెనుకకు పట్టి ఉంచడంతో నాగలి పైభాగం ముందుకు వాలబోతుంది. ఆ ఒత్తిడి టాప్ లింకు ద్వారా ట్రాక్టరును ముందుకు నెడుతుంది. కర్రు బండకు తగిలి లాగుడు ఎంత పెరిగితే ఈ నెట్టుడు కూడా అంత పెరుగుతుంది. అంటే ట్రాక్టరు ముందుభాగాన్ని పైకి లేపబోయిన బలమే, ఈ అమరిక వల్ల, దానిని నేలకు అదిమిపెడుతుంది.

ఫెర్గూసన్ అంతటితో ఆగలేదు. టాప్ లింకు మీద పడే ఒత్తిడినే సంకేతంగా తీసుకొని హైడ్రాలిక్ కవాటం తనంత తాను పనిచేసే ఏర్పాటు చేశాడు. గట్టినేల వచ్చి లాగుడు పెరగగానే హైడ్రాలిక్స్ నాగలిని కాస్త పైకి లేపుతుంది. నాగలి బరువులో కొంత వెనుక చక్రాల మీదికి వచ్చి చక్రాలకు పట్టు దొరుకుతుంది. మెత్తనేల రాగానే నాగలి మళ్ళీ దిగుతుంది. రాయి తగిలినప్పుడు మేడిని పైకెత్తే రైతు చేయి ఎట్లా పనిచేస్తుందో, ఇదీ అట్లాగే పనిచేస్తుంది.

1938 అక్టోబరులో అమెరికాలోని డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డు ఎదుట ఫెర్గూసన్ తన ట్రాక్టరును నడిపి చూపించాడు. ఇద్దరూ కాగితం మీద సంతకం లేకుండా కేవలం కరచాలనంతో ఒప్పందం కుదుర్చుకున్నారు. 1939లో ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు వెలువడింది. ఫోర్డు మనవడి చేతికి సంస్థ పగ్గాలు వచ్చాక ఆ ఒప్పందం చెల్లకుండా పోయింది. ఫెర్గూసన్ న్యాయస్థానానికెక్కాడు. 1952లో 92.5 లక్షల డాలర్ల పరిహారంతో వ్యాజ్యం పరిష్కారమైంది. ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కొవెంట్రీలో అతని టి.ఇ.20 ట్రాక్టర్లు తయారవుతూ వచ్చాయి. 1956 నాటికి వాటి సంఖ్య 5 లక్షలు దాటింది. ఎవరెస్టు విజేత ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరుకున్నది కూడా ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదనే.

ఫెర్గూసన్ 1960లో కన్నుమూశాడు. అదే సంవత్సరం మద్రాసులో మాసీ ఫెర్గూసన్ సహకారంతో టాఫే సంస్థ ఏర్పడింది. 1974లో దుర్గాపూర్‌లోని కేంద్ర పరిశోధనాలయం రూపకల్పన ఆధారంగా, పంజాబులో స్వరాజ్ ట్రాక్టరు వెలువడింది. నేడు ఏటా 5 లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడవుతున్న దేశం మనది. ఏ కంపెనీ బండి అయినా, ఏ రంగు వేసినా, వెనుక ఉండేవి ఆ మూడు చేతులే.

మిగిలిపోయిన మనిషి

ట్రాక్టరు మీద కూర్చున్న మనిషి ప్రాణానికి ఈ అమరిక గొప్ప రక్షణ కల్పించింది. కాని క్రింద నిలబడిన మనిషి మాట అది పట్టించుకోలేదు. పనిముట్టును తగిలించాలంటే మొదట ఎడమ క్రింది దండాన్ని, పిదప ఎత్తు సవరించుకొనే వీలున్న కుడి దండాన్ని, చివరకు టాప్ లింకును ఒక్కొక్కటిగా పిన్నులకు ఎక్కించి, జారిపోకుండా లించ్ పిన్నులు వేయాలి. మూడింటిలో ఏ ఒక్కటి అరంగుళం ఎడమైనా మళ్ళీ కదపాలి. ఈ పనంతా చేసే మనిషి ఉండవలసిన చోటు ఆ మూరెడు జాగాయే. గొర్రును చేతులతో కదపవచ్చు; రోటవేటరును కదపడం ఇద్దరి తరం కూడా కాదు. కనుక ట్రాక్టరునే మళ్ళీ మళ్ళీ కదుపుతారు. మనిషి మాత్రం అక్కడే ఉంటాడు.

క్విక్ హిచ్ ఈ క్రమాన్ని తలక్రిందులు చేసింది. తలక్రిందులుగా పెట్టిన 'యు' అక్షరం ఆకారంలో ఉండే ఈ చట్రాన్ని ముందుగా ట్రాక్టరుకు బిగించి ఉంచుతారు. పైన ఒకటి, క్రింద రెండు చొప్పున దానికి మూడు కొక్కేలుంటాయి. మూడూ పైకి తెరచుకొని ఉంటాయి. డ్రైవరు చట్రాన్ని దించి, వెనుకకు వెళ్ళి, పనిముట్టు పిన్నుల క్రిందికి కొక్కేలను చేర్చి, లీవరు ఎత్తుతాడు. పిన్నులు కొక్కేలలో కూర్చుంటాయి. క్రింది కొక్కేల స్ప్రింగు గొళ్ళాలు టక్కున పడతాయి. డ్రైవరు సీటు దిగనక్కరలేదు. సహాయకుడు దరికి రానక్కరలేదు. ఐరోపాలో త్రిభుజాకారపు చట్రాలు, క్రింది దండాల కొసలకే కొక్కేలుండే ఏర్పాట్లు కూడా వాడుకలో ఉన్నాయి. రూపాలు వేరైనా ఉద్దేశం ఒక్కటే.

బిగించే విధానం

ఈ చట్రాన్ని కొనడం సులభం. పాత పనిముట్లకు పొందించడంలోనే మెలకువ కావాలి. మొదటి పని కొలత. త్రీ పాయింట్ లింకేజిలో అంతర్జాతీయంగా అంగీకరించిన తరగతులున్నాయి. మొదటి తరగతిలో క్రింది పిన్ను మందం 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19. రెండవ తరగతిలో ఇవి వరుసగా 28, 25. క్రింది రెండు పిన్నుల నడుమ వెడల్పు మొదటి తరగతిలో సుమారు 68 సెంటీమీటర్లు, రెండవదానిలో సుమారు 82. ట్రాక్టరు, చట్రం, పనిముట్టు మూడూ ఒకే తరగతికి చెందాలి.

రెండవది బుష్షులు. చట్రపు కొక్కేలు పిన్నుల కంటె పెద్దవి. అందుచేత ప్రతి పనిముట్టు పిన్నులకూ తగిన ఇనుప బుష్షులు తొడగాలి. ఇవి లేకుండా తగిలిస్తే పిన్ను కొక్కెంలో వదులుగా ఆడుతూ, గతుకుల్లో గొళ్ళెం మీద దెబ్బలు కొడుతుంది. పనిముట్టుకొక జత బుష్షులు శాశ్వతంగా ఉంచుకోవడం మేలు.

మూడవది ఎత్తు. క్రింది పిన్నుల నుంచి పై పిన్ను వరకు ఉండవలసిన ఎత్తు, చిన్న, మధ్య తరహా చట్రాలకు ఉన్న ప్రమాణం ప్రకారం 15 అంగుళాలు. ఊరి వర్క్‌షాపులో చేయించిన గొర్రుకు ఈ కొలత కలవకపోవచ్చు. కొన్ని చట్రాలలో పై కొక్కేన్ని పైకీ క్రిందికీ జరుపుకొనే వీలుంటుంది. లేనిచోట పనిముట్టు స్తంభానికి సరైన ఎత్తున కొత్త రంధ్రం వేయించాలి, లేదా గట్టి పట్టీ అతికించాలి. ఆ అతుకు మీదనే పనిముట్టు బరువంతా వ్రేలాడుతుంది. కనుక దానిని చేయి తిరిగిన వెల్డరు చేతనే వేయించాలి.

నాలుగవది నిలకడ. పనిముట్టును చదునైన నేల మీద, కాళ్ళ మీద లేదా దిమ్మల మీద నిలబెట్టి దించాలి. గట్టు వాలులో పక్కకు ఒరిగిన గొర్రును ఏ కొక్కెమూ సరిగా పట్టలేదు.

తగిలించేటప్పుడు పై కొక్కెం ముందుగా తన పిన్నును అందుకొనేటట్లు చట్రాన్ని టాప్ లింకు సాయంతో కొంచెం వెనుకకు వాల్చడం ఉపాయం. పై పిన్ను కూర్చున్నాక లిఫ్టు ఎత్తుతుంటే క్రింది పిన్నులు తమ కొక్కేలలోకి వచ్చి చేరతాయి. ఆ తరువాత పనిముట్టును జానెడు లేపి, గొళ్ళాలు రెండూ పడ్డాయో లేదో కంటితో చూడాలి. చప్పుడు వినిపించింది కదా అని ఊరుకోరాదు. ఒక గొళ్ళెం పడి, రెండవది పడని పనిముట్టు రోడ్డు మీద ఊడిపోగలదు.

మరువరాని మూడు మాటలు

చట్రం తొడిగినందువల్ల పనిముట్టు సుమారు 10 సెంటీమీటర్లు వెనుకకు జరుగుతుంది. ఈ చిన్న మార్పు పెద్ద ఫలితాలనిస్తుంది.

మన పల్లెల్లో పూర్వం ఏతం తొక్కిన వారికి ఒక సంగతి తెలుసు. దూలం మీద అదే మనిషి కొస వైపు నడిచిన కొద్దీ అతని బరువు పెరిగినట్లే పనిచేస్తుంది. పనిముట్టు వెనుకకు జరిగినప్పుడూ జరిగేది అదే. నిన్నటి దాకా సులువుగా ఎత్తిన రోటవేటరు ఇవాళ లిఫ్టుకు బరువనిపించవచ్చు; ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పవచ్చు. చట్రం సొంత బరువు కూడా దీనికి తోడవుతుంది. అటువంటప్పుడు ట్రాక్టరు ముందు భాగాన బరువులు వేసుకోవాలి.

రెండవది పి.టి.ఓ. షాఫ్టు. రోటవేటరును త్రిప్పే ఈ షాఫ్టులో రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి జారుతుంటాయి. పనిముట్టు దూరం జరిగితే వాటి పట్టు తగ్గుతుంది. నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు 9 సార్లు తిరిగే షాఫ్టు నడుమ విడిపోతే, విడిన కొస కొరడా వలె చుట్టూ ఉన్నవాటిని మోదుతుంది. లిఫ్టును పూర్తిగా దించినప్పుడూ, పూర్తిగా లేపినప్పుడూ గొట్టాలు చాలినంత మేర కలిసే ఉన్నాయా అని చూసుకోవాలి. చాలకపోతే పొడవు షాఫ్టు అమర్చాలి. క్విక్ హిచ్ మూడు పిన్నులనే కలుపుతుంది. ఈ షాఫ్టును మాత్రం మనిషే తగిలించాలి. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొన్న పిదపనే ఆ నడుమకు వెళ్ళాలి. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగును తీసి పారవేయరాదు. తిరిగే ఇనుముకు పంచె అంచు, తువ్వాలు కొస, చీర చెంగు ఏది దొరికినా చాలు. నూర్పిడి యంత్రాల వల్ల చేతులు కోల్పోతున్న వారి వ్యథను గుర్తించి పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. కాని తొడుగు తీసేసే చేతిని ఏ చట్టమూ ప్రతి పొలంలో కాపలా కాయలేదు.

మూడవది, చెట్టు మొద్దును లాగడానికో, బురదలో దిగబడిన బండిని బయటకు తీయడానికో గొలుసును ఈ చట్రానికి గాని, టాప్ లింకు చోటున గాని కట్టరాదు. అట్లా కట్టిన మరుక్షణం ఫెర్గూసన్ కల్పించిన రక్షణ అంతా వ్యర్థమై, 1917 నాటి ప్రమాదం తిరిగి వస్తుంది. ఎత్తైన చోట కట్టిన గొలుసు ట్రాక్టరును వెనుకకు విరుచుకుపడేటట్లు చేస్తుంది. లాగుడు పనికి క్రింద ఉన్న డ్రాబారు ఒక్కటే తగిన చోటు. ట్రాలీ తగిలించవలసినదీ అక్కడే.

ఇన్ని జాగ్రత్తలు చెప్పవలసి వచ్చినందుకు ఈ సాధనం కష్టమైనదని అనుకోనక్కరలేదు. కొలతలు, బుష్షులు, షాఫ్టు పొడవు ఒక్కసారి సరిచూసుకుంటే, ఆ తరువాత నిత్యం మిగిలేది గొళ్ళాలను చూడడం ఒక్కటే. పావుగంట పట్టిన పని రెండు నిమిషాలలో ముగుస్తుంది. కిరాయి బండికి ఆ సమయం విలువైనదే. అంతకంటె విలువైన లాభం ఒకటి లెక్కల పుస్తకంలో కనిపించదు.

ఆ పొలం గట్టు వద్దకే మళ్ళీ వెళితే అది కనిపిస్తుంది. అదే తొలకరి, అదే పదును, అదే తొందర. డ్రైవరు ట్రాక్టరును వెనుకకు నడుపుతున్నాడు. చట్రం రోటవేటరు పిన్నుల క్రిందికి చేరింది; లిఫ్టు లేచింది; గొళ్ళాలు పడ్డాయి. కుర్రవాడు పది గజాల దూరంలో, డ్రైవరు కంటికి ఎదురుగా, గట్టు మీద నిలబడి ఉన్నాడు. అతని చేతిలో సుత్తి లేదు, గునపం లేదు. ట్రాక్టరుకూ రోటవేటరుకూ నడుమ ఆ మూరెడు జాగా ఖాళీగా ఉన్నది.